హైమవతికి పడని వాసన

బందరు చిలకలపూడిలో పాండురంగానికి పేరు నగల వల్ల రాలేదు, నగల పెట్టెల వల్ల వచ్చింది. తండ్రి రోల్డ్ గోల్డ్ గొలుసులకి తీగ లాగేవాడు. ఆ పొగా, ఆ యాసిడ్ ఘాటూ కొడుక్కి సరిపడలేదు. గొలుసు పెట్టుకునే అట్టపెట్టె మూత మీద షాపు పేరు అచ్చువేసే పని పట్టుకున్నాడు. నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. చెక్క చట్రానికి సన్నటి గుడ్డ బిగించి, అక్షరాలున్న చోట తప్ప మిగతా కన్నాలన్నీ మూసేసి, పైన రంగు పోసి రబ్బరు బద్దతో లాగితే కింద అట్ట మీద పేరు పడుతుందని ఎవరో అంటే విన్నాడు. అక్కణ్ణుంచి చెయ్యి నేర్చుకుంది. పెట్టెల తర్వాత బట్టల కొట్ల సంచులు, ఆ తర్వాత పెళ్ళి కార్డులు. ఇంటి ముందుగదే షాపు. మనిషి మాటల పిసినారి. బేరానికొచ్చినవాళ్ళు పది మాటలంటే ఒక్క మాట అని కార్డు చేతిలో పెట్టేవాడు. కార్డు చూశాక వాళ్ళూ ఇంకేమీ అనేవాళ్ళు కాదు.

రెండు వేల సంవత్సరానికి ముందు ఒకసారి రంగుల కోసం బెజవాడ వెళ్ళినప్పుడు కొట్టాయన ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. లోపల చిక్కటి పాల లాంటి ముద్ద.

"వాసన చూడు" అన్నాడు.

పాండురంగం చూశాడు. "ఏం రావట్లేదండీ."

కొట్టాయన ఆ ముద్ద పూసి ఆరబెట్టిన కాగితం ముక్క ఒకటి తీసి గోటితో గీకాడు. గుప్పుమని మల్లెపూలు.

కంటికి ఆననంత చిన్న బుడగలట. ఒక్కోదానిలో రవ్వంత మల్లె నూనె, పైన పెంకు. గీకితేనో రుద్దితేనో పెంకు పగిలి నూనె బయటికొస్తుంది, లేకపోతే ఏళ్ళ తరబడి లోపలే ఉంటుంది. బొంబాయిలో కాలెండర్లకీ, సబ్బు డబ్బాలకీ, కిటికీ తెరలకీ కూడా ఇదే పూస్తున్నారని చెప్పాడు. పాండురంగానికి బొంబాయి మీద ఆసక్తి లేదు. పెంకు మీద కలిగింది.

డబ్బా తెచ్చుకుని చాలా సరుకు పాడుచేశాడు. మామూలు రంగులో కలిపితే అందులోని థిన్నరుకి పెంకులు కరిగిపోయాయి. రబ్బరు బద్ద గట్టిగా లాగితే గుడ్డ కిందే పగిలిపోయాయి. మెత్తగా లాగి, తెల్లారి కార్డులు కట్టింగ్ మిషన్లో పెడితే మిషను నొక్కుడికి పగిలి షాపంతా వాసన, కార్డు మాత్రం ఉత్తది. చివరికి దారి దొరికింది. నీళ్ళతో కలిసే రంగులు వాడాలి, కన్నాలు పెద్దవిగా ఉన్న గుడ్డ బిగించాలి, కాగితం ముందే కోసుకోవాలి, మిగతా రంగులన్నీ ఆరాక ఇది ఆఖర్న వెయ్యాలి, చెయ్యి బరువు దాని మీద పడకూడదు. ఇదంతా అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు.

మొదటి పెద్ద పని ఘంటసాల ఊరి శోభనాద్రిది. శోభనాద్రి రైతు, చల్లపల్లిలో ఎరువుల కొట్టు కూడా ఉంది. కూతురు శ్రావ్య పెళ్ళికి మల్లె కార్డులు కావాలన్నాడు. పాండురంగం కార్డు అంచు చుట్టూ పూత వేసి ఇచ్చాడు. పదిరోజులు తిరక్కుండా శోభనాద్రి స్కూటర్ మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏవయ్యా పాండురంగం, నువ్వేసిన వాసనంతా మా వరండాలోనే అయిపోయిందయ్యా. మా వియ్యంకుడు కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. పసుపు వాసన తప్ప ఏమన్నా వస్తే ఒట్టు."

"పసుపు ఎక్కడ పెట్టారండీ?"

"మూలలకి. కార్డుకి పసుపు ఇంకెక్కడ పెడతారు, నడినెత్తినా?"

పాండురంగం కార్డు తీసుకుని మూలల మీద వేలు పెట్టి చూశాడు. ఇంటి ఆడవాళ్ళంతా చాప మీద కూచుని, తడి పసుపులో బొటనవేలు ముంచి, నాలుగు మూలలా రుద్ది రుద్ది పెట్టారు. పెంకులన్నీ అక్కడే పగిలాయి. పెళ్ళి కార్డుకి పసుపు పెడతారని పుట్టినప్పటి నుంచీ తెలిసిన మనిషి, పూత వేసేటప్పుడు ఆ సంగతే తలుచుకోలేదు. ఆ తర్వాత అంచులు వదిలేశాడు. కవరులోంచి కార్డు లాగేటప్పుడు బొటనవేలు ఎక్కడ ఆనుతుందో చూసుకుని, అక్కడ మాత్రమే పూత వెయ్యడం మొదలుపెట్టాడు. గుడివాడ నుంచి కూడా పెళ్ళివారు వచ్చేవారు.

అన్నీ కుదిరాయి గాని, ఇంట్లోనే కుదరలేదు. అతని భార్య హైమవతికి మల్లెపూలు పడవు. చిన్నప్పటి నుంచీ అంతే, వాసన తగిలితే తల పగిలిపోతుందనేది. జడలో ఎప్పుడూ కనకాంబరాలే పెట్టుకునేది, వాటికి వాసన ఉండదని.

"ఊళ్ళో మగాళ్ళు పెళ్ళాలకి మూరలకొద్దీ మల్లెపూలు తెస్తారు. నాకు పడవంటే ఈయన డబ్బాలకి డబ్బాలు తెచ్చిపెట్టాడు" అని వచ్చినవాళ్ళతో చెప్పి నవ్వేది.

ఆ మాట నవ్వుతూనే అన్నా, పాండురంగం మల్లె పనంతా దొడ్లో పాకలోకి మార్చాడు. పని అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని ఇంట్లోకి వచ్చేవాడు. అయినా ఆమెకి తలనొప్పి తగ్గలేదు. "ఇంకా వస్తోందండీ మీ మల్లె" అనేది. శొంఠి పట్టు వేసుకుని, తలకి గుడ్డ బిగించి పడుకునేది. ఆ తలనొప్పి మల్లె వల్లేనని ఆమే అనుకుంది, అతనూ అనుకున్నాడు. ఇంటర్ చదివే కూతురు హాసిని ఒకసారి డాక్టరుకి చూపిద్దామంటే, "వాసనకి డాక్టరు ఏం చేస్తాడే" అంది హైమవతి.

రెండు వేల రెండు, మాఘమాసంలో ఒక పొద్దున్నే, పొయ్యి మీద పాలు పెట్టి తల పట్టుకుని కూచుంది. అక్కడే ఒరిగిపోయింది. బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి మాట లేదు. సాయంత్రానికి మనిషి లేదు. తలలో నరం చిట్లిందనీ, ఆ నరం ఎప్పట్నుంచో బలహీనంగా ఉండి ఉంటుందనీ చెప్పాడు డాక్టరు.

"మల్లె వాసన వల్లా అండీ?" అన్నాడు పాండురంగం.

డాక్టరు అతని మొహంలోకి చూశాడు. "మల్లెకీ దీనికీ సంబంధం లేదండీ."

పాండురంగం తల ఊపాడు. మాట చెవిలో పడింది. అక్కణ్ణుంచి లోపలికి దిగలేదు. ఆ రోజు నుంచి అతనికి ఏదీ లోపలికి దిగలేదు. జనం ఏడుస్తుంటే చూశాడు. ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి బరువు తెలిసింది, అంతే.

ఆమెని పడుకోబెట్టడానికి ముందుగది ఖాళీ చేశారు. చుట్టాలకి వంట చెయ్యడానికి దొడ్లో పాక ఖాళీ చేశారు. పాకలో డబ్బాలూ, షాపులో డబ్బాలూ ఎవరో తెచ్చి వెనకగది అలమరలో ఒకే వరసలో సర్దిపెట్టారు.

చిన్నకర్మ అయిన రోజు పెద్దకర్మ కార్డు వెయ్యాల్సి వచ్చింది. అతని దగ్గర ఏళ్ళుగా పనిచేస్తున్న కృపావరం స్క్రీను చట్రం పట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, ఇది నేను లాగుతానండి. మీరు కాస్సేపు కూచోండి."

"నువ్వు లాగితే 'హై' పూడుకుపోద్దిరా. ఇటివ్వు."

కూచుని తనే రంగు కలిపాడు. నీళ్ళతో కలిసే నల్ల రంగు చిక్కగా ఉంటే పలచన చెయ్యడానికి తెల్లటి ముద్ద కలుపుతారు. అలమరలోంచి తెల్ల డబ్బా తీసి కలిపాడు. ఇంటినిండా అగరొత్తుల పొగ. మెత్తగా, ఒకే బరువుతో లాగాడు. 'హై' విడిగా, శుభ్రంగా పడింది. ఒక్కో కార్డూ తీగ మీద ఆరవేస్తున్నప్పుడు అతను చూసింది అదొక్కటే. తను ఏ పేరు అచ్చువేస్తున్నాడో చేతికి తెలుసు గాని, అతనికి తెలిసినట్టు లేదు.

మధ్యాహ్నం హైమవతి తమ్ముడు బాబీ కార్డులు తీసుకుని మోటార్ సైకిల్ మీద గుడివాడ, ఘంటసాల, అటు నుంచి అవనిగడ్డ వైపు వెళ్ళాడు. బందరులో పంచాల్సినవి కృపావరం పంచేశాడు.

మర్నాడు పొద్దున కృపావరం ముందుగది ఊడుస్తూ, పాడైన కార్డు ఒకటి నలిపి చెత్తలో వెయ్యబోయి ఆగిపోయాడు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చాడు.

"గురువుగారూ, ఇది వాసనొస్తందండీ."

పాండురంగం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసనతో పనిచేసీ చేసీ అతని ముక్కు దానికి ఎప్పుడో చచ్చిపోయింది. హాసినిని పిలిచాడు. ఆ పిల్ల కార్డు మీద తల్లి పేరు దగ్గర వేలితో రుద్ది, వాసన చూసి, "మల్లె, నాన్నా" అంది. కార్డు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అలమర తీసి చూశాడు. ఒకేలాంటి రెండు తెల్ల డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. మల్లె డబ్బా మీదే నల్ల రంగు మరకలు.

కర్మ కార్డు ఎవరూ ఇంట్లో దాచుకోరు. చదివి, గడప అవతలే చింపి పారేస్తారు. చింపితే పెంకులు పగులుతాయి. పడనిదాన్ని ఆమె పేరులోనే పోసి, ఊరూరా ప్రతి గడప ముందూ అది పగిలేలా పంపించాడు. ఇంకొకరైతే దానికి ఏడ్చేవారు. పాండురంగానికి తట్టింది ఒక్కటే. పని తప్పింది. హైమవతికి తను చేసిన ఆఖరి పని తప్పింది. పెద్దకర్మ లోపు దాన్ని సరిచెయ్యాలి.

"ఎవరికి తెలుస్తందండీ? చింపి పారేసేదేగా" అన్నాడు కృపావరం.

"హైమవతికి పడదురా."

"ఆవిడ..." అని కృపావరం ఆగిపోయి చీపురు తీసుకున్నాడు.

పాండురంగం వేరే రంగు కలిపి, సరైన కార్డులు మళ్ళీ వేశాడు. ఇంటింటికీ వెళ్ళి ఇవి ఇచ్చి పాతవి తీసుకుందామని అతని ఆలోచన. గెడ్డంతో, భుజాన తువ్వాలుతో చెప్పుల్లేకుండా బయల్దేరుతుంటే, మేనత్త అడ్డం వచ్చింది.

"మైలలో ఉన్నవాడివి, ఒకరి గడప తొక్కకూడదురా."

"గడప ఎక్కను. వీధిలో నిలబడతాను."

బందరులో వెతికే పని లేకపోయింది, అందరూ చింపేశారు. గుడివాడ ప్యాసింజర్ ఎక్కాడు. రైలు పక్కన వరి కోతలయిపోయిన చేలలో మినప చేను ఇంకా పచ్చగా ఉంది. చూశాడు గాని, చూసినట్టు గుర్తు లేదు.

గుడివాడలో వెంకట్రామయ్య హైమవతి పినతండ్రి, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. వీధిలోంచి పిలిస్తే గేటు దాకా వచ్చాడు. గేటు తియ్యలేదు. మైల మనిషిని రమ్మనకూడదు, పొమ్మనకూడదు.

"మావయ్యగారూ, నిన్న బాబీ ఇచ్చిన కార్డు ఉందాండీ?"

"కర్మ కార్డు ఉంచుకుంటామా? చింపేశాం." ఆయన గొంతు తగ్గించాడు. "ఏవయ్యా, ఆ అత్తరేంటయ్యా దానికి? మీ పిన్నత్తగారు చింపగానే గుప్పుమంది. హడలిపోయి దేవుడి గదిలోకి పరిగెత్తింది, పిల్ల వచ్చిందని. హైమకి మల్లెలు పడవుగా, అది కాదే అని చెప్పలేక నా ప్రాణం పోయింది."

"పొరపాటైందండీ. డబ్బా మారింది. ఇదుగోండి, మంచిది తెచ్చాను."

కార్డు గేటు పైనుంచి చాపాడు. వెంకట్రామయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒక చావుకి రెండు కార్డులా? మతుండే మాట్లాడుతున్నావా? రెండో కార్డు గడప దగ్గరికొస్తే రెండో కబురు వచ్చినట్టేనయ్యా. లోపల పెట్టుకో, లోపల పెట్టుకో."

పాండురంగం కార్డు సంచిలో పెట్టుకున్నాడు. ఆ మాట అతనికీ తెలుసు. పుట్టి పెరిగిన ఊళ్ళో అందరికీ తెలిసిందే. పసుపు సంగతి మరిచిపోయినట్టే ఇదీ మరిచిపోయాడు. సంచీ నిండా ఎవరూ పుచ్చుకోని కార్డులు. అయినా వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు. కనీసం చింపనివేవైనా ఉంటే అడిగి తీసుకోవచ్చు.

వెంకట్రామయ్య గేటు లోపల్నుంచే, "భోంచేశావా?" అన్నాడు.

"తిన్నానండీ" అన్నాడు పాండురంగం. తినలేదు. ఆకలి కూడా వెయ్యలేదు.

పామర్రు మీదుగా చల్లపల్లి బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి ఆటోలో ఘంటసాల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. శోభనాద్రి అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. రోడ్డు మీద నిలబడ్డ మనిషిని చూసి, చెంబు అక్కడే పెట్టి వచ్చాడు.

"కార్డు అరుగు మీదే ఉంది పాండురంగం, ఇంకా చూళ్ళేదు. కబురు మాత్రం విన్నాను. ఎంత పని జరిగిందయ్యా."

"అది ఇచ్చెయ్యండి, నేను తీసుకుపోతాను."

"ఇచ్చిన కార్డు తిరిగి పుచ్చుకుంటావా? అదేం ఆనవాయితీ?" అంటూనే శోభనాద్రి అరుగు మీది కార్డు తీసుకుని, చదివి, పాండురంగం వద్దనేలోపే వీధిలోకి వచ్చి రెండు ముక్కలు చేశాడు. ముక్కలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అదేంటయ్యా!" అన్నాడు. "మా అమ్మాయి పెళ్ళికి రాని వాసన, దీనికెలా వచ్చిందయ్యా?"

అన్నాక తనన్నదేమిటో తనకి తెలిసింది. ముక్కలు కాలవలో పడేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"తప్పుగా అనుకోకయ్యా. నోరు జారింది."

"లేదండీ. నిజమే. ఇది బాగా పడింది" అన్నాడు పాండురంగం.

ఇక మిగిలింది ఒక్క ఇల్లు. అవనిగడ్డ దాటి కోడూరు వెళ్ళే దారిలో, హైమవతి పుట్టిల్లు. బాబీ కాపురం అవనిగడ్డలో. పుట్టింట్లో తల్లి రాజమ్మ ఒక్కతే ఉంటుంది. చావుకి బందరు వచ్చి, మట్టి అయ్యాక వెళ్ళిపోయింది. నాలుగు రోజులు ఉండమంటే, మినుములు కళ్ళంలో ఉన్నాయంది.

పాండురంగం వెళ్ళేసరికి రాజమ్మ అరుగు మీద చేటతో మినుములు చెరుగుతోంది. వాకిట్లో తీగ మీద ఒక చీర, ఒక తువ్వాలు. వాటి పక్కన, బట్టల క్లిప్పుతో బిగించి, హైమవతి కార్డు. గాలికి ఇటూ అటూ తిరుగుతోంది.

అతను దడి బయట ఆగాడు.

"అక్కడే నిలబడ్డారేం బాబూ?"

"మైలత్తయ్యా."

"నా కూతురి మైల నాకేం చేస్తుంది? వచ్చి కూచోండి."

అరుగు చివర కూచున్నాడు. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది. తాగాడు. కార్డు వంక చూస్తుంటే ఆమే చెప్పింది.

"బాబీ ఇచ్చాడు. నాకు చదువు రాదుగా. దాని పేరొక్కటే గుర్తుపడతాను, బళ్ళో వేసిన కొత్తలో పలక మీద రాసి చూపించేది. ఎక్కడుందా అని వేలు పెట్టి తడిమాను బాబూ, మల్లెలు గుప్పుమన్నాయి. దానికి పడదు కదా. చింపుదామంటే ఇంకా వస్తుందేమోనని భయం. పోనీ గాలికి పోతుందేమోనని తీగ మీద పెట్టాను. ముట్టుకుంటే మళ్ళీ వస్తోంది. ఇదేం మాయో."

"మాయ కాదత్తయ్యా. నేను చేసిన తప్పు. డబ్బా మారిపోయింది."

చెప్పాడు. బుడగల సంగతి, పెంకు సంగతి, అలమర సంగతి. తీరా వినేవాళ్ళు దొరికాక అతను మాట్లాడినంత ఎప్పుడూ మాట్లాడి ఉండడు. రాజమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని విన్నది. సంచిలోంచి సరైన కార్డు తీసి చూపించి, మళ్ళీ తనే లోపల పెట్టేసుకున్నాడు.

"వద్దు బాబూ" అంది ఆమె. "డెబ్బై ఏడు ఉప్పెనలో మా ఇంట్లో పోయినవాళ్ళకి ఒక్క కార్డూ లేదు. దీనికి పేరు అచ్చయింది. రెండోది నాకెందుకు? దీనికే ఆ వాసన పోయే దారి చూడండి."

"గాలికి పోదు. ముందు పెంకులన్నీ పగలాలి. పగిలాకే గాలికి పోతుంది."

"అయితే పగలగొట్టండి."

లోపలికి వెళ్ళి ఇత్తడి గరిట తెచ్చింది. పాండురంగం క్లిప్పు తీసి, కార్డు అరుగు బండ మీద పరిచి, గరిట వీపుతో రుద్దడం మొదలుపెట్టాడు. పై వరస నుంచి, అక్షరం తర్వాత అక్షరం. గట్టిగా రుద్దితే కాగితం లేస్తుంది, మెత్తగా రుద్దితే పెంకు మిగిలిపోతుంది. నల్ల రంగు నిగనిగలాడుతోంది. రాజమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇది చూస్తే ఏమనేదో" అంది కాసేపయ్యాక.

"దొడ్లో పాకలోకి పొమ్మనేది."

"మిమ్మల్నా, కార్డునా?"

"ఇద్దర్నీ."

రాజమ్మ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చేటలో మినుములు వేలితో కదుపుతూ అడిగింది.

"తలనొప్పని ఎన్నాళ్ళ బట్టీ అంటోంది?"

గరిట ఆగింది. "చాలా కాలం నుంచీ అంటోందత్తయ్యా. మల్లె వల్లనుకున్నాం."

"డాక్టరేమన్నాడు?"

"దీనికీ దానికీ సంబంధం లేదన్నాడు."

ఆమె దడి మీద కాకి వచ్చి వాలితే చేత్తో తోలింది.

"చిన్నప్పుడు తలనొప్పి అని ఏడిస్తే, ఇంట్లో ఎవరి తల్లో మల్లెలున్నా తీయించి పారేయించేదాన్ని. పూలు పారేశాం, తగ్గిపోద్దిలే అనుకునేదాన్ని. అంతకంటే ఏం చూశాను" అంది.

పాండురంగం మళ్ళీ రుద్దుతూ పేరు దగ్గరికి వచ్చాడు. 'హై' మీద గరిట మొనతో నెమ్మదిగా, గుండ్రంగా తిప్పాడు. తర్వాత 'మ', తర్వాత 'వ'. రుద్దడం అయిపోయాక మళ్ళీ తీగ మీద పెట్టారు. ఆమె మినుములు చెరగడం ముగించి, రాళ్ళు ఏరింది. అతను ఏరడానికి సాయం చేశాడు. నీడ వాకిట్లోంచి దడి దాకా జరిగింది.

"చూడండి బాబూ, పోయిందా?"

"నాకు తెలియదత్తయ్యా. నా ముక్కుకి ఆ వాసన అందదు. మీరే చూడాలి."

రాజమ్మ వెళ్ళి కార్డు ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇంకా ఉంది. చివర్న" అంది. చివర వరసలో బంధుమిత్రుల పేర్ల దగ్గర అతని చెయ్యి తేలిపోయింది. మళ్ళీ గరిట, మళ్ళీ తీగ. రెండోసారి చూసి ఆమె తల అడ్డంగా ఊపింది. పేరు మీద వేలుపెట్టి గట్టిగా రుద్ది, వేలు వాసన చూసుకుంది.

"లేదు" అంది. "ఉత్త కాగితమే."

"అయితే చింపొచ్చత్తయ్యా."

ఆమె కార్డు పట్టుకుని దడి బయటికి వెళ్ళింది. కాసేపు అటు తిరిగి నిలబడింది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఏం రాలేదు బాబూ" అంది.

పాండురంగం తల ఊపాడు. ఊళ్ళలో చింపేసిన వాటికి ఇక చెయ్యగలిగింది లేదు. ఈ ఒక్కటీ సరిగ్గా వెళ్ళింది. పని అయిపోయిందన్నది తప్ప అతనికి ఇంకేమీ అనిపించలేదు. చావింటి మనిషి వెళ్ళొస్తానని చెప్పకూడదు. చెప్పకుండానే లేచి సంచి భుజాన వేసుకున్నాడు. ఆమె కూడా రమ్మని అనలేదు. గరిట కడగడానికి నూతి దగ్గరికి వెళ్ళింది.

అవనిగడ్డలో బందరు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూచున్నాడు. దీపాల వేళ. కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి, అతని సీటు దగ్గర ఆగి, గాలి పీల్చాడు.

"ఏం బావగారూ, పెళ్ళి భోజనమా? మల్లెలు ఘుమఘుమలాడిపోతున్నాయి!"

పాండురంగం తన చేతుల వంక చూసుకున్నాడు. చొక్కా వంక చూసుకున్నాడు. అతనికేమీ రావడం లేదు.

"బందరు ఒకటివ్వండి" అన్నాడు.

టిక్కెట్టు తీసుకుని, సీట్లోంచి లేచి, బస్సు వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. గాలి బాగా కొట్టే చోట కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.